హెవీ అయాన్ ఫిజిక్స్‌లో రీసెర్చ్ చేయాలని ఉంది, విజయవాడ డిగ్రీ నుంచి దారి ఉందా?

కృష్ణలంక అమ్మాయి
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. విజయవాడలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. 2025 మేలో జెనీవా దగ్గరున్న కణభౌతిక ల్యాబ్ సెర్న్ వాళ్లు సీసాన్ని బంగారం చేశారని వాట్సాప్‌లో అందరూ పంపుకున్నారు కదా, మా పిన్ని నాకు పంపి ఇది నిజమేనా అని అడిగింది. ఆమెకి చెప్పాలని చదవడం మొదలుపెట్టాను. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, బంగారంలో 79. రెండు సీసం కేంద్రకాలు గుద్దుకోకుండా పక్కపక్కనే దూసుకుపోయినప్పుడు వాటి విద్యుత్ క్షేత్రం దెబ్బకి ఒక్కోసారి మూడు ప్రోటాన్లు ఊడిపోతాయి, మిగిలేది బంగారం కేంద్రకం. 2015 నుంచి 2018 దాకా అలా తయారైనవి మొత్తం 8,600 కోట్ల కేంద్రకాలు, అన్నీ కలిపినా బరువు 29 పికోగ్రాములు, అవి కూడా పుట్టిన వెంటనే ముక్కలైపోతాయి. పిన్నికి చెప్పేశాను, తను సరే అని ఊరుకుంది.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. పక్కనుంచి పోతేనే ఇంత జరిగితే ఎదురెదురుగా గుద్దుకుంటే ఏమవుతుంది అని చదువుతూ పోయాను. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగిపోయి వాటి లోపలుండే క్వార్కులు, గ్లూఆన్‌లతో క్వార్క్-గ్లూఆన్ ప్లాస్మా అనే పదార్థం వస్తుందట, విశ్వం పుట్టిన మొదటి కొన్ని మైక్రోసెకన్లలో అంతా అదే ఉండేదట. ఇలా బరువైన కేంద్రకాలని ఢీకొట్టి చూసేదే హెవీ అయాన్ ఫిజిక్స్ అట. అప్పటినుంచి నాకు వేరే ఆలోచన లేదు.

నాన్నకి ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపు. బీఈడీ చేసి డీఎస్సీ రాయి, ఊళ్లోనే ఉండొచ్చు అంటారు. ఆయన మాట తప్పని నేను అనను. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లని అడుగుతున్నాను. రోజూ ఏం చేస్తారు? ఎన్నేళ్లు పడుతుంది? మనలాంటి కాలేజీల్లో చదివినవాళ్లని రానిస్తారా? దయచేసి బాగుంటుంది, కష్టంగా ఉంటుంది అని రెండు ముక్కల్లో తేల్చొద్దు, వివరంగా చెప్పండి.


పట్టాభిపురం నాన్న
శనివారం రాత్రి 10:15

మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. తనూ ఇలాంటివే అడుగుతోంది, ఏం చెప్పాలో తెలియక ఇంజనీరింగ్ చెయ్యమ్మా అంటున్నాను. ఇక్కడ తెలిసినవాళ్లు ఏం చెబుతారో చదువుదామని కూర్చున్నాను.


బ్రాడీపేట అక్క
ఆదివారం ఉదయం 6:50

చెల్లీ, నీ ప్రశ్న చూసి రాత్రి నిద్ర పట్టలేదు. పదిహేనేళ్ల కింద నేను సరిగ్గా ఇవే ప్రశ్నలతో ఉన్నాను, అడగడానికి మనిషి దొరకలేదు. కాబట్టి పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

నాది గుంటూరు. నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. గుంటూరులోనే బీఎస్సీ, తర్వాత నంబూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ. ఫిజిక్స్ పీహెచ్‌డీకి రాసే జెస్ట్ అనే ప్రవేశ పరీక్ష మొదటిసారి పోయింది. ఎందుకు పోయిందో కూడా చెబుతాను. నాకు సూత్రాలన్నీ నోటికి వచ్చు, లెక్క కొత్తగా ఇస్తే చేయి ఆడేది కాదు. మన దగ్గర డిగ్రీలో పరీక్షకి పది ప్రశ్నలు బట్టీ పట్టి రాస్తాం, ఆ అలవాటు పోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాది ఇంట్లో కూర్చుని క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ పుస్తకాల్లో ప్రతి అధ్యాయం చివర ఉన్న లెక్కలు ఒక్కటీ వదలకుండా చేశాను. చుట్టాలు వచ్చి ‘అమ్మాయి ఖాళీగా ఉంది’ అనేవాళ్లు. రెండోసారి ర్యాంకు వచ్చింది, కోల్‌కతాలో పీహెచ్‌డీ. విజయవాడ స్టేషన్‌లో కోరమండల్ ఎక్కించి నాన్న ప్లాట్‌ఫామ్ మీద అలాగే నిలబడిపోయారు.

ఇక రోజూ ఏం చేస్తారు అన్నావు. నేను చేరేముందు అనుకున్నదేంటంటే పెద్ద యంత్రం ముందు నిలబడి ఢీకొనడం చూస్తాం అని. నిజానికి పీహెచ్‌డీలో నూటికి తొంభై పాళ్లు కంప్యూటర్ ముందే. యంత్రం దగ్గర ఏడాదికి కొన్ని వారాలు షిఫ్టులు. ఆలిస్ అనే ప్రయోగం మాది, పదివేల టన్నుల డిటెక్టర్, ఫ్రాన్స్ వైపు ఒక చిన్న ఊరి కింద భూమిలో ఉంటుంది. కణాలని ఢీకొట్టే సెర్న్ యంత్రం ఎల్‌హెచ్‌సీ 27 కిలోమీటర్ల వలయం కదా, ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ప్రోటాన్లే తిరుగుతాయి. సీసం కేంద్రకాలకి ఇచ్చేది మామూలుగా ఏడాది చివర్లో ఒక నెల. ఆ నెల మాకు పండగ, పరీక్ష రెండూ. ఎనిమిది గంటల షిఫ్టు, నేనెక్కువ రాత్రిపూటే తీసుకునేదాన్ని. తెర మీద గ్యాస్ పీడనం, వోల్టేజీలు, డేటా వస్తోందా లేదా చూస్తూ ఉండాలి, ఏదైనా ఎర్రగా మారితే ఆ డిటెక్టర్ నిపుణుడికి నిద్రలేపి ఫోన్ చేయాలి. నేరుగా గుద్దుకున్న ఒక్క ఢీలో ఇరవై వేలకి అటూ ఇటూగా విద్యుదావేశం ఉన్న కణాలు బయటికి వస్తాయి. వాటి దారులన్నీ గీసిన బొమ్మ తెర మీద మొదటిసారి కనపడినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కనున్న ఇటలీ అతను ఏమీ అనలేదు, అతనికీ మొదటిసారి అలాగే అయి ఉంటుంది.

మిగతా ఏడాదంతా ఆ డేటాతో కుస్తీ. నా సబ్జెక్ట్ చెబుతాను, అప్పుడు అర్థమవుతుంది. కే-స్టార్ అని ఒక కణం ఉంది. పుట్టాక చాలా తొందరగా ఒక కేయాన్, ఒక పైయాన్‌గా విడిపోతుంది. ఫై అని ఇంకొకటి ఉంది, అది దాదాపు పదింతలు ఎక్కువ సేపు బతికి రెండు కేయాన్‌లుగా విడిపోతుంది. వీటిని మనం నేరుగా చూడలేం, బయటికి వచ్చిన ఇద్దరు పిల్లల్ని పట్టుకుని శక్తీ, మొమెంటమ్ కలిపి తల్లి ఎవరో లెక్కగట్టాలి. 2016లో కృష్ణా పుష్కరాలకి విజయవాడ ఘాట్లలో జనం గుర్తుందా? ఆ జనం మధ్యలో తల్లి చేయి విడిచిన పిల్లలు ఎదురొచ్చేవాళ్లని గుద్దుకుని తలో దిక్కుకీ పోతే, వాళ్లు బయటికి వచ్చాక కూడా ఇద్దరూ ఒకే తల్లి పిల్లలని చెప్పలేం. కే-స్టార్ సంగతి అదే, జనంలో ఉండగానే విడిపోతుంది. ఫై మాత్రం జనం పలచబడి రోడ్డెక్కాక విడిపోతుంది కాబట్టి దాని పిల్లలు చెక్కుచెదరకుండా దొరుకుతారు. అందుకని నేరుగా గుద్దుకున్న పెద్ద ఢీల్లో కేయాన్‌లతో పోల్చి చూస్తే కే-స్టార్‌లు తగ్గిపోయి కనపడతాయి, ఫైలు తగ్గవు. ఈ తేడా నుంచి ప్లాస్మా చల్లారాక ఆ కణాల గుంపు ఎంతసేపు ఉందో అంచనా కట్టొచ్చు. మనం మాట్లాడుతున్నది సెకనులో కోటి కోటి కోటో వంతు కంటే తక్కువ కాలం గురించి చెల్లీ, దానికి గడియారం ఈ చిన్న కణం. ఇది తెలిసిన రోజు నేను అమ్మకి ఫోన్ చేసి పావుగంట చెప్పాను.

ఇప్పుడు బాధ చెబుతాను. మూడో ఏడాదిలో నా లెక్కలో కే-స్టార్‌లు ఒక చోట ఎక్కువ వచ్చాయి. ఎవరూ చూడనిది చూశానేమో అని రెండు వారాలు గాల్లో తేలాను. గైడ్ మాత్రం ‘ముందు తప్పు వెతుకు, దొరక్కపోతే అప్పుడు సంతోషపడదాం’ అన్నారు. మూడు నెలలు వెతికితే దొరికింది. కణం ఏదో గుర్తుపట్టే డిటెక్టర్‌లో ఒక భాగం కొన్ని రోజులు ఆగి ఉంది, ఆ రోజుల డేటాని నేను జాబితాలోంచి తీసేయలేదు. తీసేశాక నా కొత్త విషయం కూడా పోయింది. హాస్టల్ గదిలో తలుపేసుకుని ఏడ్చాను. తర్వాత తెలిసింది, అసలు పని అదేనని. ఆ తర్వాత రెండేళ్లు ఒకే ఒక్క గ్రాఫ్ మీద పనిచేశాను. దాన్ని ముందు చిన్న గ్రూపు చూస్తుంది, తర్వాత పెద్ద గ్రూపు, తర్వాత ప్రయోగంలో ఉన్న ప్రతివాళ్లూ కామెంట్ పెట్టొచ్చు. ఫలానా ఎర్రర్ బార్ ఎందుకింత చిన్నదిగా ఉంది అని జర్మనీ నుంచి ఒకాయన అడిగితే జవాబుకి నెల పట్టింది. పేపర్ వచ్చినప్పుడు రచయితలు వెయ్యి మంది వరకు ఉంటారు, అక్షర క్రమంలో. నా పేరు ఎక్కడో మధ్యలో. ఆ గ్రాఫ్ నాదని మా గ్రూపుకి తెలుసు, పేపర్ చూసినవాళ్లకి తెలియదు. పేరు పైకి రావాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లకి ఇది నప్పదు, ఇది మాత్రం ముందే తెలుసుకుని రా.

మిగతాది సాయంత్రం రాస్తాను. బట్టలు ఉతకాలి.


ఏలూరు రోడ్డు ఇంజనీర్
ఆదివారం మధ్యాహ్నం 12:30

అక్క గారు రాసింది పూర్తిగా చదివాను. గౌరవంగానే ఒక మాట అడుగుతున్నాను, ఎవరినీ తక్కువ చేయడానికి కాదు. ఒక గడియారం కోసం, అదీ మనకెవరికీ పనికిరాని గడియారం కోసం ఇన్ని దేశాలు ఇన్ని వేల కోట్లు పెట్టడం న్యాయమేనా? మన ఊళ్లో వేసవిలో ట్యాంకర్ నీళ్లకి క్యూ కట్టే కాలనీలు ఉన్నాయి. తెలివైన పిల్లలు ఇటు వెళ్తే ఆ సమస్యలు ఎవరు చూస్తారు? నిజంగా జవాబు కావాలి.


రిటైర్డ్ మాస్టారు
ఆదివారం మధ్యాహ్నం 3:05

నేను ముప్పై నాలుగేళ్లు డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను, మొగల్రాజపురంలో ఉంటాను. ఇంజనీరు గారి ప్రశ్నకి అమ్మాయే బాగా చెబుతుంది. నేను వేరే సంగతి గుర్తుచేస్తాను. ఇది మనకి దూరపు విషయం అనుకోకండి. భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద గారు సన్యాసి. ఆయన యూరప్ వెళ్లి ఫిజిక్స్ చదివి, లివర్‌పూల్‌లో న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర పనిచేసి, అమెరికాలో మిషిగన్‌లో పరిశోధన చేసి, తిరిగొచ్చి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగానికి పునాది వేశారు. మా తరంలో కేంద్రకం గురించి పాఠం చెప్పినవాళ్లలో చాలామంది ఆ చెట్టు కొమ్మలే.

ఇంకొకటి. ఈ హెవీ అయాన్ ప్రయోగాల్లో మన దేశం కేవలం మనుషుల్ని పంపలేదు. కోల్‌కతాలో వీఈసీసీ అనే యాక్సిలరేటర్ పరిశోధన సంస్థకి డైరెక్టరుగా చేసిన బికాష్ సిన్హా గారు, 2023లో కాలం చేశారు, దేశంలో ఈ రంగాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యులు. ఫోటాన్‌లని లెక్కపెట్టే డిటెక్టర్ ఒకటి పూర్తిగా ఇక్కడే కట్టి సెర్న్‌కీ, అమెరికాలో బ్రూక్‌హేవెన్‌లోని స్టార్ ప్రయోగానికీ పంపారు. కోల్‌కతా, భువనేశ్వర్ సంస్థలతో పాటు జమ్మూ, చండీగఢ్, జైపూర్ యూనివర్సిటీల పిల్లలు చేతులతో చేశారు దాన్ని. మానస్ అని ఒక చిప్ కోల్‌కతాలో సాహా ఇన్‌స్టిట్యూట్‌లో డిజైన్ అయి మొహాలీలో తయారై ఆలిస్‌లో పనిచేసింది. జైపూర్ పిల్లలు చేసింది బెజవాడ పిల్లలు చేయలేరా? చేయగలరు. చెప్పేవాళ్లు లేక ఆగిపోయారు. నేనూ నా పిల్లలకి బ్యాంకు పరీక్షలు రాయమనే చెప్పాను చాలాసార్లు, ఇప్పుడు బాధపడుతున్నాను.


బ్రాడీపేట అక్క
ఆదివారం రాత్రి 8:20

మాస్టారూ, మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. నేను పీహెచ్‌డీలో చేరేసరికి ఆ డిటెక్టర్ కట్టిన సీనియర్లు కొందరు ల్యాబ్‌లోనే ఉన్నారు, తేనెపట్టు లాంటి రాగి గదుల్ని ఎలా అతికించారో చెప్పేవాళ్లు.

ఇంజనీర్ గారూ, సూటిగా చెబుతాను. నేను కొలిచిన కే-స్టార్ వల్ల రేపు గుంటూరులో ఎవరి ఇంటికీ ఏ వస్తువూ రాదు. వస్తుందని చెప్పి డబ్బు అడగడం నాకు ఇష్టం లేదు. పదార్థం అసలు ఎలా తయారైందో తెలుసుకోవడం దానికదే విలువైన పని అని నా నమ్మకం. అయితే ఈ పని కోసం నేర్చుకున్న విద్య మాత్రం ఇక్కడే తిరుగుతోంది. భారీ అయాన్‌లని వేగంగా పంపే యంత్రాలతోనే జపాన్‌లో చిబాలో 1994 నుంచి కార్బన్ అయాన్‌లతో క్యాన్సర్ వైద్యం చేస్తున్నారు, జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో 2009 నుంచి. కార్బన్ అయాన్ దారిలో తక్కువ నష్టం చేసి, ఆగే చోట శక్తి అంతా వదులుతుంది, కణితి అక్కడే ఉంటే చుట్టూ ఉన్న భాగం చాలావరకు తప్పించుకుంటుంది. అలాగే ఉపగ్రహంలో చిప్‌ని అంతరిక్షం నుంచి వచ్చే భారీ అయాన్ తాకితే ఒక సున్నా ఒకటై కూర్చుంటుంది. అందుకని చిప్‌లని ముందే భూమి మీద అయాన్ బీమ్‌లో పెట్టి పరీక్షిస్తారు. బ్రూక్‌హేవెన్‌లో అంతరిక్ష రేడియేషన్ ప్రభావాలని పరీక్షించడానికి నాసాకి 2003 నుంచి ఒక ల్యాబ్ ఉంది, ఇలాంటి పరీక్షలూ అక్కడ చేస్తారు.

నీళ్ల ట్యాంకర్ల సంగతి మీరు అన్నది నిజం. కానీ ఆ సమస్య తీరకపోవడానికి కారణం ఒక అమ్మాయి ఫిజిక్స్ చదవడం కాదు కదండీ.


ఏలూరు రోడ్డు ఇంజనీర్
ఆదివారం రాత్రి 8:55

ఆ చివరి మాట ఒప్పుకుంటున్నాను. డబ్బు గురించి నా అభిప్రాయం ఇంకా మారలేదు, కానీ మీరు వస్తువు రాదు అని నేరుగా చెప్పారు చూడండి, దానివల్ల మిగతాది నమ్మాలనిపించింది.


అరండల్‌పేట థియరీ
ఆదివారం రాత్రి 11:10

నేను ఈ రంగంలోనే థియరీ వైపు పీహెచ్‌డీ నాలుగో ఏడాది. అక్క డేటా వైపు చెప్పారు, నేను రెండో వైపు కొంచెం చెబుతాను. బ్రూక్‌హేవెన్‌లో రిక్ అనే యంత్రం, 3.8 కిలోమీటర్ల వలయం, 2000లో బంగారం కేంద్రకాలని ఢీకొట్టడం మొదలుపెట్టింది. అంత వేడిలో క్వార్కులు, గ్లూఆన్‌లు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా వాయువులా విడివిడిగా తిరుగుతాయని చాలామంది అనుకున్నారు. 2005లో నాలుగు ప్రయోగాల వాళ్లూ కలిసి చెప్పింది వేరు. అది ద్రవంలా ప్రవహిస్తోంది, రాపిడి దాదాపు లేకుండా. వేడి ఎంతంటే నాలుగు లక్షల కోట్ల డిగ్రీలు, సూర్యుడి మధ్యభాగం కన్నా రెండున్నర లక్షల రెట్లు.

ఎలా తెలిసింది అంటే, కేంద్రకాలు సరిగ్గా ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకి గుద్దుకుంటే మధ్యలో కలిసిన భాగం మామిడి టెంక ఆకారంలో ఉంటుంది. లోపలిది వాయువైతే కణాలు అన్ని వైపులకీ సమానంగా పోవాలి. ద్రవమైతే టెంక సన్నగా ఉన్న వైపు ఒత్తిడి మార్పు ఎక్కువ కాబట్టి అటువైపు ఎక్కువ దూసుకుపోతాయి. కొలిస్తే అటే ఎక్కువ వచ్చాయి. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి క్యూలో నిలబడ్డవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, వెనక ఎవరో ఒక అడుగు వేస్తే ముందు మనం కదులుతాం, ఎవరి దారి వాళ్లది అనేది ఉండదు.

థియరీలో జీవితం వేరేలా ఉంటుంది చెల్లీ. ఇద్దరు ముగ్గురు కలిసి పేపర్ రాస్తారు, పేరు కనపడుతుంది. షిఫ్టులు ఉండవు. కానీ ఉద్యోగాలు ఇంకా తక్కువ, ఒంటరితనం ఎక్కువ.


బ్రాడీపేట అక్క
సోమవారం ఉదయం 6:30

క్యూ పోలిక బాగుంది తమ్ముడూ, ఒక్క చోట మాత్రం చెల్లి పొరపడకూడదు. క్యూలో జనం కదలకుండా ఇరుక్కుంటారు కూడా, అది జిగట ఎక్కువ ఉన్నట్టు. ఈ ద్రవంలో అది దాదాపు లేదు, ఒత్తిడి వెంటనే అందుతుంది, రాపిడిలో పోయేది చాలా తక్కువ. అదే అందరినీ ఆశ్చర్యపరిచింది.


గన్నవరం డేటా
సోమవారం రాత్రి 9:15

ఎవరూ చెప్పని వైపు నేను చెప్పాలి. నేనూ హెవీ అయాన్‌లోనే పీహెచ్‌డీ, ఆరేళ్లు. తర్వాత యూరప్‌లో రెండేళ్ల పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం. రెండోది కూడా రెండేళ్లకే వచ్చింది, ఇంకో దేశంలో. అప్పటికి నాకు 32, అమ్మకి ఇక్కడ డయాలసిస్ మొదలైంది. మానేసి వచ్చేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డేటా పని, వారానికి రెండు రోజులు ఇంటినుంచే.

మానేసినందుకు బాధ లేదని చెప్పను. నవంబర్‌లో సీసం బీమ్ మొదలైందని ఎవరైనా పోస్ట్ పెడితే ఆ రోజు పని మీద మనసు ఉండదు. కానీ అక్కడ నేర్చుకున్నదే ఇప్పుడు తిండి పెడుతోంది. సీ ప్లస్ ప్లస్, పైథాన్, కోట్ల వరుసల డేటాలో సిగ్నల్‌ని చెత్తలోంచి వేరు చేయడం, ఒక సంఖ్య చెబితే దాని పక్కన అనుమానం ఎంతో కూడా చెప్పడం. ఇంటర్వ్యూలో అడిగిన ఏ ప్రశ్నకీ నేను తడబడలేదు.

చెల్లీ, లెక్క ముందే వేసుకో. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటి అద్దె. బతకొచ్చు, ఇంటికి కొంచెం పంపొచ్చు. తర్వాత పోస్ట్‌డాక్‌లు రెండేళ్లు, రెండేళ్లు అంటూ నడుస్తాయి. పర్మనెంట్ ఉద్యోగం వస్తే ముప్పై నాలుగు, ముప్పై అయిదు. రాని వాళ్లే ఎక్కువ. నాతో చేరిన ఏడుగురిలో ఇద్దరు ప్రొఫెసర్లు, మిగతావాళ్లం బయట ఉన్నాం, అందరం బాగానే ఉన్నాం. రాకపోతే ఏం చేస్తావో మీ నాన్నకి ముందే చెప్పగలిగితే ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది.


పట్టాభిపురం నాన్న
సోమవారం రాత్రి 10:00

గన్నవరం బాబూ, నువ్వు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?


గన్నవరం డేటా
సోమవారం రాత్రి 10:20

బాగానే ఉందండీ, వారానికి మూడుసార్లు తీసుకెళ్తున్నాను. అడిగినందుకు చాలా థ్యాంక్స్.


కృష్ణలంక అమ్మాయి
మంగళవారం రాత్రి 10:45

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. థ్రెడ్ మొత్తం ప్రింట్ తీసి షాపులో నాన్నకి ఇచ్చాను. రాత్రి అన్నం తినేటప్పుడు ఆయన అడిగినవి ఇవి, ఆయన మాటల్లోనే రాస్తున్నాను. ‘కలకత్తాలో ఆడపిల్ల ఎక్కడ ఉంటుంది? రాత్రి డ్యూటీ చేసి ఎలా వస్తుంది? పెళ్లి సంగతి ఏంటి? దగ్గర్లో ఇలాంటి చోటు ఏదీ లేదా?’


బ్రాడీపేట అక్క
బుధవారం ఉదయం 7:10

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు. మంచి ప్రశ్నలు అడిగారు.

ఉండేది క్యాంపస్ హాస్టల్‌లో, అమ్మాయిలకి వేరే బ్లాక్. సెర్న్‌లో లోపలే హాస్టల్ ఉంది, రాత్రి షిఫ్టు అయితే సెర్న్ కారు తీసుకుని ఇద్దరు ముగ్గురం కలిసే వెళ్లేవాళ్లం. నేను ఒక్కదాన్నే నడిచి వెళ్లిన రాత్రి లేదు. ఇప్పుడు కొన్ని షిఫ్టులు ఇక్కడినుంచే కంప్యూటర్ ముందు చేయొచ్చు కూడా.

పెళ్లి గురించి నేను అబద్ధం చెప్పను. నాకు ముప్పై ఒకటికి అయింది, అదీ నా పని అర్థం చేసుకున్న మనిషి దొరికాక. మధ్యలో వచ్చిన సంబంధం వాళ్లు ‘చదువు అయిపోయాక ఊళ్లోనే ఏదైనా కాలేజీలో చేరిపో’ అంటే నాన్నే వద్దన్నారు. ఆ రోజు ఆయన నిలబడకపోతే నేను ఇప్పుడు ఇది రాసేదాన్ని కాదు. పాప పుట్టాక ఏడాది పని ఆగింది. తిరిగి రావడం పీహెచ్‌డీ కన్నా కష్టమైంది, నాకు మాట ఇచ్చిన ఒక గ్రూపు మాట తప్పింది. ఇంకొకళ్లు తీసుకున్నారు. ఇప్పుడు యూనివర్సిటీలో పాఠం చెబుతున్నాను, ఇద్దరు పిల్లలు నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నారు.

దగ్గర్లో అంటే తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఉంది, వాళ్లు బ్రూక్‌హేవెన్‌లోని స్టార్ ప్రయోగంలో సభ్యులు. బెర్హంపూర్ ఐసర్ కూడా అందులో ఉంది, అది ఒడిశా మొదట్లోనే. చెన్నైలో ఐఐటీ మద్రాస్ సెర్న్‌లోని సీఎంఎస్ ప్రయోగంలో ఉంది. తిరుపతి అంటే నాన్నగారికి కొంచెం ధైర్యంగా ఉంటుందేమో. రిక్ యంత్రం స్థానంలో బ్రూక్‌హేవెన్‌లో ఎలక్ట్రాన్-అయాన్ కొలైడర్ కడుతున్నారు, ఇంకోవైపు జర్మనీలో డార్మ్‌స్టాట్‌లో ఫెయిర్ అనే కొత్త యాక్సిలరేటర్ కడుతున్నారు, దాన్లో మన దేశం మొదటినుంచి భాగస్వామి. నువ్వు పీహెచ్‌డీకి వచ్చేసరికి డేటా లేక ఖాళీగా కూర్చునే పరిస్థితి ఉండదు. 2017 నుంచి మన దేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలు కూడా.

ముందు జామ్ రాయి. ఐఐటీల్లో ఎమ్మెస్సీ కానీ, ఐసర్‌లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ కానీ దానితోనే. తర్వాత జెస్ట్, నెట్, గేట్. ఇంగ్లిష్ గురించి భయపడకు. మీటింగ్‌లో నేను మొదటి ఏడాది మాట్లాడే ప్రతి వాక్యం ముందు కాగితం మీద రాసుకునేదాన్ని. అక్కడ జపాన్ వాళ్లు, ఇటలీ వాళ్లు, రష్యా వాళ్లు అందరూ వాళ్ల యాసలోనే మాట్లాడతారు, ఎవరూ నవ్వరు.

ఒక చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. పేపర్లలో నీ పేరు ఎలా రావాలో మొదటి రోజే తేల్చుకో. మనకి ఇంటిపేరు ముందు కదా, ఫారంలో తికమకపడి నేను పెట్టిన పద్ధతి వల్ల నా పేపర్లు రెండు పేర్ల కింద చీలిపోయాయి.


రిటైర్డ్ మాస్టారు
బుధవారం ఉదయం 9:30

కృష్ణలంక అమ్మాయీ, జామ్ లెక్కలు చేయించడానికి నేను ఉన్నాను. ఆదివారాలు ఉదయం మా ఇంటికి వస్తే చాలు, నాన్నగారిని కూడా తీసుకురా, కాఫీ తాగుతూ కూర్చుంటారు. పట్టాభిపురం నాన్న గారూ, మీ అమ్మాయి ఇంటర్ అయితే గుంటూరునుంచి రైల్లో గంట, ఆమెని కూడా పంపండి. ఫీజు మాట ఎత్తకండి.


కృష్ణలంక అమ్మాయి
ఆదివారం రాత్రి 11:30

మాస్టారి ఇంటికి వెళ్లాం. నాన్న మూడు గంటలు కూర్చున్నారు. వచ్చేటప్పుడు బండి మీద ‘జామ్‌కి కట్టాల్సింది ఎంత?’ అని అడిగారు, అంతే అన్నారు.

అక్కా, మీరు చెప్పినదంతా చదివాక సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఆలిస్ 2010 డేటా ఉందని చూశాను. లాప్‌టాప్‌లో రూట్ అనే సెర్న్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికే రెండు రాత్రులు పట్టింది. పెద్దది ఎందుకని ముందు రెండు పైయాన్‌లుగా విడిపోయే కే-షార్ట్ అనే కణంతో మొదలుపెట్టాను, పాజిటివ్ పైయాన్, నెగటివ్ పైయాన్ జతలు తీసుకుని ద్రవ్యరాశి లెక్కగట్టాను. శిఖరం వచ్చిందక్కా! నిజంగా వచ్చింది. కానీ పుస్తకంలో దాని ద్రవ్యరాశి 0.4976 జీఈవీ అని ఉంది, నాకు 0.49 దగ్గర కనపడుతోంది. ఎక్కడ తప్పు చేశాను?


బ్రాడీపేట అక్క
ఆదివారం రాత్రి 11:48

ఇంకా మేలుకునే ఉన్నాను. బిన్ వెడల్పు, అంటే గ్రాఫ్‌లో ఒక్కో డబ్బా వెడల్పు ఎంత పెట్టావు? 0.02 పెట్టి ఉంటే 0.48 నుంచి 0.50 దాకా ఒకే డబ్బా, దాని మధ్య 0.49, కణం మాత్రం దాని సరైన చోటే ఉంది. 0.002కి తగ్గించి మళ్లీ గీయి. రెండిటికీ పైయాన్ ద్రవ్యరాశి 0.1396 ఇచ్చావో లేదో కూడా చూడు. గ్రాఫ్ ఇక్కడే పెట్టు, నేను కూర్చుని ఉంటాను.